ఒకే ఇంజను, ఇద్దరు అల్లుళ్ళు

"బండి నడిపింది జ్యోతే," అన్నాడు వీరబాబు.

అన్నవాడు పెళ్ళాం ముఖం చూడలేదు. వసారాలో నిలబడ్డ ఇమాం హుస్సేన్‌ని చూశాడు, మావగారిని చూశాడు, గుమ్మానికి వేలాడుతున్న నిన్నటి మామిడాకుల వంక చూశాడు. పన్నెండేళ్ళు కాపురం చేసిన మనిషి మీదికి మాత్రం చూపు పోనివ్వలేదు.

జ్యోతిర్మయి చేతిలో కాఫీ గ్లాసుల పళ్ళెం ఉంది. చుక్క కూడా తొణకలేదు. అందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"నిజమేనా అక్కా?" అనడిగాడు ఇమాం.

ఆమె నోరు తెరిచేలోపు తండ్రి వెంకటనారాయణ అందుకున్నాడు. "ఆయన చెప్తున్నాడు కదరా, మళ్ళీ దాన్నెందుకు అడగడం? ముందు కూర్చో. కాఫీ తాగు."

"నేను కాఫీకి రాలేదు బాబాయ్. గొడవకీ రాలేదు. మా అమ్మని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళారు. కాలు రెండు చోట్ల విరిగింది. స్టేషన్లో కాగితం ఇవ్వమన్నారు. కారు నంబరు రాస్తే చాలదు, నడిపిన మనిషి పేరు కావాలన్నారు. ఆ పేరు కోసం వచ్చాను."

నిన్న ఇదే వసారాలో వెంకటనారాయణ షష్టిపూర్తి జరిగింది. మూడొందల మంది భోంచేశారు. సాయంత్రం అల్లుళ్ళిద్దరూ రెండు కార్లేసుకుని హైవే దాకా వెళ్ళి, చీకటి పడే వేళకి తిరిగొచ్చారు. ఆ వచ్చే దారిలోనే, ఊరి లింకు రోడ్డు మీద మిరపకాయలు ఆరబోసుకున్న ఇమాం తల్లి జాన్‌బీ కాలు ఒక కారు కింద పడింది.

"వదినేలే ఇమాం," అన్నాడు కోటేష్, గోడకానుకుని. చిన్నల్లుడు. "కొత్తగా నేర్చుకుంటోంది కదా. బ్రేకు అనుకుని ఏదో తొక్కేసి ఉంటుంది."

జ్యోతిర్మయి పళ్ళెం కిందపెట్టింది. మొగుడు అబద్ధమాడతాడని ఆమెకి తెలుసు, రాత్రంతా ఆ ముఖం చూసింది. కానీ ఆర్నెల్లుగా ఉప్పూ నిప్పూలా ఉన్న తోడల్లుళ్ళు తన నెత్తిన రాయి వెయ్యడానికి ఒక్కటవుతారని ఆమె అనుకోలేదు.

ఆ ఉప్పూ నిప్పుల కథకి మూలం కూడా కార్లే. చిలకలూరిపేటలో జిన్నింగ్ మిల్లు ఉన్న వీరబాబు ఏడాది కింద బూడిదరంగు కారు కొన్నాడు. చూడ్డానికి చిన్నదే, డిక్కీ మొండిగా ఉంటుంది, కానీ దాని ముందున్న లోగో చూస్తే టోల్‌గేటు దగ్గర మనిషి సెల్యూట్ కొడతాడు. రెండు నెలలు తిరక్కుండా ఒంగోలులో విత్తనాల డీలరైన కోటేష్ ఎర్రది కొన్నాడు. అదే కంపెనీవాళ్ళ ఇంకో పేరు మీద వచ్చే బండి. ఇరవై లక్షలు తక్కువ.

అంతవరకూ బాగానే ఉంది. ఎవరి బండి వాళ్ళకి ముద్దు. ఒకసారి రెండు కార్లనీ ఇమాం షెడ్డుకి తీసుకెళ్ళారు. పర్చూరు రోడ్డులో కార్ల షెడ్డు అతనిది, చేయి మంచిది. రెంటినీ పైకెత్తి కింద దూరి చూసి, చేతులు తుడుచుకుంటూ, "ఒకే తల్లి పిల్లలండీ ఇవి. ఇంజను ఒకటే, గేరుబాక్సు ఒకటే, ఎముకలన్నీ ఒకటే. చొక్కాలే వేరు," అన్నాడు.

ఆ మాటతో వీరబాబుకి తిన్నది అరగడం మానేసింది.

అప్పట్నుంచీ ఏ శుభకార్యంలో కలిసినా అదే పంచాయతీ. "నా దాంట్లో నాలుగు చక్రాలూ లాగుతాయి, నీ దాంట్లో ముందు రెండే," అని పెద్దల్లుడు. "లాగనియ్యండి, బరువు కూడా మీదే ఎక్కువ కదా," అని చిన్నల్లుడు. "తోలు సీట్లయ్యా ఇవి. నీ లాగా లుంగీ గుడ్డ కాదు," అని ఈయన, ఎర్ర కారులోని గళ్ళ గుడ్డ సీట్లని చూపించి. "పేరు గొప్ప, ఊరు దిబ్బ," అని ఆయన. "పిండి కొద్దీ రొట్టె," అని మళ్ళీ ఈయన. మధ్యలో అక్కచెల్లెళ్ళిద్దరూ వడ్డన చేస్తూ ఉండేవాళ్ళు.

"బండి చూస్తాను," అన్నాడు ఇమాం. "తాళం ఇవ్వండి."

అందరూ వాకిట్లోకి నడిచారు. పెళ్ళివారిలా బారు తీరి నడిచారు. పందిరి కింద రెండు కార్లూ పక్కపక్కన ఉన్నాయి. బూడిదరంగుదాని బంపరు కింద మిరప తొక్కలు, గింజలు ఇంకా అతుక్కుని ఉన్నాయి. దగ్గరికి పోగానే ఘాటు గొంతులో పడి వెంకటనారాయణ దగ్గాడు.

ఇమాం డ్రైవరు తలుపు తీశాడు. సీటు తనంతట తాను సన్నగా మూలుగుతూ వెనక్కి జరిగి ఆగింది. అతను దాని వంక, తర్వాత జ్యోతిర్మయి వంక చూశాడు.

"అక్క నిండా ఐదడుగులుండదు. ఈ సీటు ఆరడుగుల మనిషిది. ఇక్కడ కూర్చుంటే అక్క కాలు బ్రేకుకే అందదు బాబాయ్."

జ్యోతిర్మయి గుండె ఒక్కసారి ఎగిసింది. మనిషి చెప్పని నిజం సీటు చెప్పిందనుకుంది.

వీరబాబు నవ్వాడు. ఆ నవ్వు చూస్తే చెంప పగలగొట్టాలనిపించింది ఆమెకి.

"ఇది నీ షెడ్డుకొచ్చే డొక్కు బండి కాదురా ఇమాం. దిగి తలుపు వెయ్యగానే సీటు ముందుకి పోతుంది, మళ్ళీ తియ్యగానే తాళం ఎవరిదైతే వాళ్ళ కొలతకి సర్దుకుంటుంది. నీ చేతిలో ఉన్నది నా తాళం. నువ్వు తలుపు తియ్యగానే జరిగింది, చూళ్ళేదా?"

ఇమాం తలుపు వేసి మళ్ళీ తీశాడు. సీటు మళ్ళీ కాస్త కదిలింది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. అతను పక్కనున్న ఎర్ర కారు అద్దంలోంచి లోపలికి చూశాడు.

"దీనికి చేత్తో జరుపుకునే సీటే కదా?"

"చేత్తోనే," అన్నాడు కోటేష్.

"అయితే ఆఖరున కూర్చున్నవాడు ఎక్కడ వదిలేస్తే అక్కడే ఉంటుంది. ఈ బండైతే దొరికిపోయేవాడు." ఇమాం తాళం వీరబాబు చేతికిచ్చాడు. "ఇరవై లక్షలు ఊరికే పోలేదు లెండి మీకు."

వీరబాబు దాన్ని పొగడ్త కిందే జమ వేసుకున్నాడు.

ఇమాం ఆసుపత్రికి ఫోన్ చేసుకోడానికి వీధిలోకి వెళ్ళాడు. జ్యోతిర్మయి వంటింట్లోకి వెళ్ళింది. వెనకాలే వీరబాబు వచ్చి తలుపు దగ్గరకి వేశాడు. చెల్లెలు తేజశ్రీ అప్పటికే అక్కడ పొయ్యి దగ్గర పని లేకపోయినా నిలబడి ఉంది. మూల పీట మీద తల్లి వెంకటేశ్వరమ్మ కూర్చుని మిరియాల కషాయం ఊదుకుంటోంది.

"చూడు జ్యోతీ, అరవకుండా విను," అన్నాడు వీరబాబు. "పోయినేడు గుంటూర్లో తాగి నడిపానని నామీద కేసుంది. నిన్న మధ్యాహ్నం కూడా రెండు పెగ్గులు పడ్డాయి, మూడొందల మంది చూశారు. ఇంకో కేసంటే లోపలికే. నువ్వు ఆడదానివి. కూర్చోబెట్టి నాలుగు మాటలడిగి పంపించేస్తారు."

"సోమవారం నేను సర్టిఫికెట్లు చూపించాలి."

"తెలుసులే."

"తెలిసే అన్నారా?"

ఎనిమిదేళ్ళు చదివింది ఆమె. మిల్లు పనివాళ్ళకి క్యారేజీలు పంపి, పిల్లవాడిని పడుకోబెట్టి, మూడుసార్లు రాసి రెండుసార్లు తప్పి, ముప్పై నాలుగో ఏట టీచరు ఉద్యోగం తెచ్చుకుంది. వాళ్ళిచ్చిన ఫారంలో 'మీ మీద పోలీసు కేసులేమైనా ఉన్నాయా' అని ఒక గడి ఉంది. నిన్న షష్టిపూర్తి హడావుడిలో కూడా పది నిమిషాలు తీరిక చేసుకుని ఆ గడిలో 'లేవు' అని నింపింది. ఆ ఒక్క మాట ఇప్పుడు ఈయన నోట్లో ఉంది.

"ఆ ముష్టి ఉద్యోగం లేకపోతే మనింట్లో పొయ్యి వెలగదా?" అన్నాడు వీరబాబు. "నా పరువు కన్నా అదెక్కువా నీకు?"

"నిన్న పోయేటప్పుడు నా చేతికి తాళం ఇచ్చింది ఎవరు?"

నిజానికి కారు కొన్న మగాడికి దాన్ని తొక్కే గుండె లేదు. ఎనభై దాటితే అరచేతులు చెమటలు పడతాయి. ఆ సంగతి పెళ్ళానికొక్కదానికే తెలుసు. కోటేష్ "తేల్చుకుందాం రండి" అని హైవే మీద పందెం అనగానే బయటపడకుండా ఎత్తు వేశాడు. "నీ లుంగీ సీట్ల బండికి నేనెందుకు, మా ఆవిడ చాలు," అన్నాడు. నలుగురూ నవ్వారు. తను పక్క సీట్లో ఎక్కి, అత్తగారిని కూడా "నా బండి ఎలా పోతుందో చూద్దురు గాని" అని బలవంతాన వెనక సీట్లో కూర్చోబెట్టాడు.

జ్యోతిర్మయి గెలిచింది. గెలవాలని గెలిచింది కూడా, ఆ మాట దాచుకోలేదు. మొన్న చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎర్ర కారు నడిపినప్పుడు రోడ్డు మీది ప్రతి గతుకూ స్టీరింగులోంచి చేతులకి తెలిసింది. గట్టిగా తొక్కితే ముందు చక్రాలు గింజుకున్నాయి, ఇంజను చెవి పక్కనే అరిచింది. ఆమెకి ఆ బండే నచ్చింది. బూడిదరంగుదానికి అటువంటివేమీ లేవు. నాలుగు చక్రాలూ పట్టుకుని ఒక్క ఊపున లాక్కుపోతుంది, లోపల కూర్చున్నవాళ్ళకి గాలి కూడా వినపడదు. నూట నలభై అని అద్దం ముందు అంకె చూస్తే తప్ప ఆమె నమ్మలేకపోయింది.

ఊరి మలుపు ముందు వీరబాబు కారాపించాడు. "ఇక దిగు. గెలిచిన బండి ఊళ్ళోకి తీసుకెళ్ళేది నేను," అన్నాడు. వెనక కోటేష్ కసి కొద్దీ లైట్లు కొడుతూ తోకకి అంటుకుని వచ్చాడు. మసక వెలుతురులో రోడ్డు సగం మేర ఏదో పరిచి, కుప్ప చేసి, పట్టా కప్పి ఉంది.

కంది కట్టె అయితే జనం కావాలనే రోడ్డు మీద వేస్తారు. టైర్లు తొక్కితే కాయ చిట్లి గింజ రాలుతుంది, ఎవరూ ఏమీ అనరు. జిన్నింగ్ మిల్లులో దూది తప్ప చూడని వీరబాబు దాన్ని కంది కట్టే అనుకున్నాడు. "తొక్కితే రైతుకి పుణ్యం," అని నవ్వుతూ పక్కకి తిప్పలేదు. మంచు పడుతుందని మిరపకాయలు కుప్ప చేసి పట్టా కప్పి, అంచున రాళ్ళు పెడుతున్న జాన్‌బీ ఆ కుప్పకి అవతల వంగి ఉంది. "కళ్ళం అండీ, మిరప!" అని జ్యోతిర్మయి అరిచేసరికే అయిపోయింది.

పెద్దగా ఏమీ తగల్లేదు. చిన్న మిట్ట ఎక్కి దిగినట్టయింది, అంతే. అంత మెత్తని బండి అది. ఆ తర్వాత కారం లేచింది. బయటి దుమ్ము రవ్వంత లోపలికి రాదని ఏడాదిగా గొప్పలు పోయిన కారులో ముగ్గురూ కళ్ళు తెరవలేక దగ్గారు. ఆమె ఆపమంది. ఆయన ఆపలేదు. వెనకనుంచి కేక వినపడుతూంటే 108కి ఆమే ఫోన్ చేసింది.

"నువ్వు చూశావు కదే," అంది జ్యోతిర్మయి, చెల్లెలి వైపు తిరిగి. "మీ కారు మా వెనకే ఉంది. మలుపు దగ్గర మేం సీట్లు మారడం నువ్వు చూశావు."

తేజశ్రీ గరిట కడిగింది. కడిగిన గరిటే మళ్ళీ కడిగింది.

"చూశాను. కానీ చెప్పను."

"ఎందుకు?"

"చెప్తే పందెం సంగతీ చెప్పాలి. పందెమంటే మా ఆయన మీద కూడా పడుతుంది. డీలర్‌షిప్ ఉంది, పార్టీలున్నాయి." ఆమె గొంతు హెచ్చింది. "అసలు నువ్వెందుకు గెలిచావక్కా? కాస్త వెనకబడితే నీ సొమ్మేం పోయింది? నలుగురి ముందు ఆడదాని చేతిలో ఓడిపోయానని ఆయన పిచ్చెక్కి వెంట పడ్డాడు. బావగారు ఆగడానికి కూడా సందివ్వలేదు. అంతా నీ సరదా వల్లే!"

"పందెం వేసింది మీ మగాళ్ళు."

"గెలిచింది నువ్వు!"

ఆ మాటకి వీరబాబు ముఖం కూడా మాడింది. ఆ గెలుపు రాత్రి పదింటి దాకా తనదేనని మిల్లు స్నేహితులందరికీ ఫోన్లో చెప్పుకున్నాడు మరి. గెలిచినప్పుడు నడిపింది ఆయన, మనిషి కాలు విరిగినప్పుడు నడిపింది ఆవిడ. ఇంతకన్నా అనుకూలమైన డ్రైవింగు ఏ కారులోనూ ఉండదు.

జ్యోతిర్మయి తల్లి వంక చూసింది. వెంకటేశ్వరమ్మ గ్లాసులోకి చూస్తోంది. వెనక సీట్లో కూర్చున్న మనిషి ఆవిడ. అల్లుడు "దిగు" అనడమూ విన్నది, "పుణ్యం" అనడమూ విన్నది. కారం పట్టి గొంతు పోయిందని పొద్దున్నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు.

బయటినుంచి ఇమాం పిలిచాడు.

అతని చేతిలో తెల్లకాగితం ఉంది. వసారాలో బల్ల మీద పెట్టి, పైన పెన్ను పెట్టాడు.

"మా అమ్మ పింఛను కాగితం మీరే రాశారు. పాసుపుస్తకం అర్జీ మీరే రాశారు. ఊళ్ళో ఎవరికి ఏ కాగితం కావాలన్నా 'జ్యోతమ్మ పుట్టింటికొచ్చిందా' అని అడుగుతారు. ఇది కూడా మీరే రాయండక్కా." అతను కాగితం ఆమె వైపు జరిపాడు. "పేరు మీ చేత్తోనే పెట్టండి. నేను పెడితే రేపు కాదంటారు."

"రాసిస్తుందిలే," అన్నాడు వీరబాబు తొందరగా. "రాసిచ్చెయ్ జ్యోతీ. ఆసుపత్రి ఖర్చంతా నేను చూసుకుంటా ఇమాం."

"ఖర్చు సంగతి నేనడగలేదండీ."

జ్యోతిర్మయి కూర్చుంది. తేదీ వేసింది. జాన్‌బీ పేరు, వయసు, ఊరు రాసింది. లింకు రోడ్డు, మిరప కుప్ప, పట్టా, అంచున పెడుతున్న రాళ్ళు, అన్నీ రాసింది. గుండ్రటి అక్షరాలు, బోర్డు మీద రాయడానికి ఎనిమిదేళ్ళుగా దిద్దుకున్నవి. పేరు దగ్గరికొచ్చి ఆగింది.

తన పేరు ఒక్కటీ రాస్తే ఉద్యోగం పోతుంది. నిజం రాసినా పోతుంది, ఎందుకంటే నిజంలో హైవే మీద పందెం ఉంది, ఆ పందెంలో స్టీరింగు పట్టుకున్నది తనే. ఇంటిల్లిపాదీ ఆ లెక్క చూసుకునే నిబ్బరంగా ఉన్నారని ఆమెకి అప్పుడర్థమైంది. ఎలాగూ పోయేదాని కోసం అది నోరెందుకు విప్పుతుందని వాళ్ళ ధీమా. ఆమెకి ఒళ్ళు మండింది.

రాసి, పైకి చదివింది.

"హైవే మీద పోయేటప్పుడు కారు నడిపింది నేను. అది పందెం. రెండో కారు మా చెల్లెలి భర్త కోటేష్ గారిది. ఊరి మలుపు దగ్గర నేను దిగిపోగా నా భర్త వీరబాబు గారు నడిపారు. జాన్‌బీ గారి కాలు మీదుగా కారు పోయినప్పుడు నడుపుతున్నది ఆయనే. ఆపమన్నా ఆపలేదు." కింద సంతకం పెట్టింది.

కోటేష్ ముందు అరిచాడు. "నన్నెందుకు ఇరికిస్తావు వదినా? నేనెవర్ని గుద్దాను?" వీరబాబు కాగితం లాక్కోబోతే ఇమాం చెయ్యి అడ్డం వచ్చింది. "చేతులు దించండి," అన్నాడు మెల్లగా.

"నీ అరవయ్యో ఏట కూతురు ఇచ్చిన బహుమానం చూశావా మావా!" అన్నాడు వీరబాబు. మావయ్యగారూ అనే మర్యాద ఎటో పోయింది.

"జ్యోతీ, చింపెయ్ దాన్ని," అన్నాడు వెంకటనారాయణ.

"చింపను నాన్నా."

"మొగుణ్ణి జైలుకి పంపి పాఠాలు చెప్పుకుంటావా?"

"పాఠాలు కూడా ఉండవు లెండి ఇక. ఆ మాట మీరెవరూ అడగలేదు."

"సాక్ష్యం ఏదీ?" అన్నాడు వీరబాబు, ఊపిరి పీల్చుకుని. "దీని మాట ఒక్కటే. మేమిద్దరం ఒక మాట చెప్తున్నాం. తేజశ్రీని అడుగు. ఆ కారులో మా అత్తయ్యగారు కూడా ఉన్నారు, ఆవిణ్ణే అడుగు ఇమాం!"

ఆవిడేం చెప్తుందో అడగమన్నవాడికే తెలీదు. హైవే మీద తను వెయ్యలేని పందెం ఇప్పుడు వేశాడు.

వెంకటేశ్వరమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అందరూ అటు తిరిగారు. జ్యోతిర్మయి కూడా తిరిగింది. ఆమెకి భయం వెయ్యలేదు. అమ్మ కదా అనుకుంది.

"చెప్పమ్మా," అంది.

ఆవిడ కూతుర్ని చూసింది. పెద్దల్లుణ్ణి చూసింది. మొగుడి ముఖం చూసినప్పుడు కాసేపు ఎక్కువ చూసింది. పందిట్లో ఎవరో కుర్చీలు మడిచి లారీలో వేస్తున్నారు.

"జ్యోతే బాబూ," అంది బొంగురు గొంతుతో. "మొత్తం జ్యోతే నడిపింది."

అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆ దగ్గు నిజమైనదే.

మొగుడు అన్నప్పుడు జ్యోతిర్మయికి కోపం వచ్చింది, చెల్లెలు అన్నప్పుడు అసహ్యం వేసింది. ఇప్పుడు ఏమీ రాలేదు. ఎప్పుడో చిన్నప్పుడు జ్వరంలో నుదుటి మీద ఆ చెయ్యి పెట్టించుకున్నది తను కాదు, వేరే ఎవరో అనిపించింది.

ఇమాం కాగితం వంక, ఆ తల్లి వంక మార్చి మార్చి చూశాడు. "నేనెవర్ని నమ్మాలక్కా?"

జ్యోతిర్మయి కాగితం మడిచి అతని జేబులో పెట్టింది.

"జాన్‌బీ పిన్నికి మత్తు ఎన్నింటికి దిగుతుందన్నారు?"

"పన్నెండుకి. కానీ ఆ మసకలో అమ్మ ఎవర్ని చూసిందో, అసలు చూసిందో లేదో నాకు తెలీదు. చూళ్ళేదంటే?"

"చూళ్ళేదంటే ఆ కాగితం మీద నాదొక్కదానిదే సంతకం ఉంటుంది. పద, నేనూ వస్తాను." ఆమె చెప్పులు తొడుక్కుంది. వెనక నుంచి వీరబాబు ఏదో అరుస్తున్నా ఆమె తిరగలేదు. "నువ్వు మీ అమ్మనడుగు ఇమాం. నేను మా అమ్మని ఇంకేమీ అడగను."

రెండు కార్ల మధ్యనుంచి నడిచి, వీధిలో ఆపి ఉన్న అతని మోటారుసైకిలు వెనక ఎక్కి కూర్చుంది.